జీడీపీని ఎక్కడెక్కడ బిగించారో ముందు చూడాలి

మీరు ఒకేసారి మూడు ప్రశ్నలు అడిగారు. జీడీపీ పెరిగినంత మాత్రాన అభివృద్ధి జరిగినట్టు కాదని అందరూ ఒప్పుకుంటున్నప్పుడు దాని బదులు ఏం కొలవాలి? కొలత మారితే వాతావరణ మార్పు ఆగుతుందా? ప్రపంచానికంతటికీ కలిపి ఒక ప్రభుత్వం లేదు కదా, మరి ఇదంతా ఎవరు అమలు చేయిస్తారు? మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి కాబట్టి విడదీయకుండా చెబుతాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నేను పాతికేళ్లకు పైగా జాతీయ ఖాతాల పనిలో ఉన్నాను. ఒక దేశంలో ఏడాది మొత్తం మీద ఎంత ఉత్పత్తి జరిగిందో లెక్కగట్టడం మా పని. ఆ అంకే జీడీపీ. అది ఎంత కష్టపడి తయారవుతుందో తెలిసినవాణ్ణి కాబట్టి దాన్ని ఊరికే తిట్టేవాళ్లతో కలవలేను. కానీ అదే అంకెను చూపించి జనం బాగున్నారని చెప్పేవాళ్లను చూస్తే ఇప్పటికీ కోపం వస్తుంది. నా జవాబు ముందే చెప్పేస్తున్నాను. మంచి కొలతలు ఇప్పటికే చాలా ఉన్నాయి, వాటికి కొరత లేదు. చిక్కంతా ఎక్కడుందంటే, అంతర్జాతీయ సంస్థల్లో ఎవరికెన్ని ఓట్లు, ఎవరికెంత అప్పు, ఎవరు పేద, ఎవరు కాదు అనే నిర్ణయాలన్నీ జీడీపీకీ, దాని తోబుట్టువు లాంటి జాతీయాదాయానికీ బోల్టులు పెట్టి బిగించి ఉన్నాయి. ఆ బోల్టులు విప్పకుండా కొత్త సూచికలు ఎన్ని ప్రకటించినా అవి ఏటా ఒకరోజు వార్తల్లో కనిపించి మాయమవుతాయి.

ముందు జీడీపీకి న్యాయం చేద్దాం. 1930ల ఆర్థిక మాంద్యంలో అమెరికా ప్రభుత్వానికి తమ దేశ ఆదాయం ఎంత పడిపోయిందో చెప్పే లెక్కే లేదు. సైమన్ కుజ్‌నెట్స్ అనే ఆర్థికవేత్త ఆ లెక్క కట్టి 1934లో అక్కడి సెనేట్‌కు ఇచ్చారు. అదే నివేదికలో, జాతీయాదాయం చూసి జాతి సంక్షేమాన్ని అంచనా వేయడం కుదరదని ఆయనే హెచ్చరించారు. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. అప్పుడు ప్రభుత్వాలకు కావలసింది సంక్షేమం లెక్క కాదు, ఎన్ని ట్యాంకులు, ఎన్ని విమానాలు తయారు చేయగలమో చెప్పే లెక్క. ఆ పనికి ఈ అంకె బ్రహ్మాండంగా పనికొచ్చింది. 1953లో ఐక్యరాజ్యసమితి దీనికి ప్రపంచమంతా పాటించే పద్ధతి ఒకటి రాసిపెట్టింది. అంటే, ఎంత తయారైందో చెప్పడానికి పుట్టిన అంకె ఇది. ఎలా బతుకుతున్నామో చెప్పే బాధ్యతను తర్వాత మనమే దాని నెత్తిన పెట్టాం.

శిక్షణకు వచ్చే కొత్తవాళ్లకు నేనొక లెక్క ఇచ్చేవాణ్ణి. సముద్రపు ఒడ్డున మడ అడవి ఉంది. దాని వేళ్ల మధ్య చేపలు పెరుగుతాయి, కొన్ని కుటుంబాలు వాటిని పట్టుకుని బతుకుతాయి. ఒకాయన ఆ అడవి కొట్టించి రొయ్యల చెరువులు తవ్వాడు. చేపలు తగ్గినంత మేరకు లెక్కలో మైనస్ పడుతుంది, నిజమే. కానీ కలప అమ్మకం, తవ్వకం కూలి, రొయ్యల ఎగుమతి కలిపితే దానికి ఎన్నో రెట్లు ప్లస్. మరుసటి ఏడాది తుపాను వచ్చింది. అడ్డుకునే అడవి లేదు, ఊళ్లోకి నీళ్లు వచ్చాయి. కూలిన ఇళ్లు జీడీపీలో మైనస్ కాదు. వాటిని మళ్లీ కట్టడం ప్లస్. ఒడ్డున సిమెంటు గోడ కడితే అదీ ప్లస్. ఈ లెక్క చేస్తూ ఒకసారి ఒక అమ్మాయి చెయ్యెత్తి, "సార్, మడ అడవి ఇన్నాళ్లూ తుపానును ఆపింది కదా, దాన్ని ఏ కాలమ్‌లో వేయాలి?" అని అడిగింది. ఏ కాలమ్‌లోనూ వేయడానికి లేదని చెప్పాను. ఆ పిల్ల కాసేపు పేపరు వైపే చూస్తూ కూర్చుంది. ఆ రోజు నేను చెప్పింది నిబంధనల ప్రకారం సరైన జవాబే. ఇంటికి వెళ్లాక మాత్రం మనసుకు పట్టలేదు.

ఇది శిక్షణ కోసం అల్లిన లెక్క. ఒక దేశానికి దేశమే ఈ లెక్కలో పడి ఎలా అయిందో చూడాలంటే నౌరు కథ తెలుసుకోవాలి. పసిఫిక్ మహాసముద్రంలో 21 చదరపు కిలోమీటర్ల దీవి అది. దాని నడిమి మెట్ట నిండా ఫాస్ఫేట్, అంటే ఎరువుల తయారీకి వాడే ఖనిజం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే తవ్వకం మొదలైంది. దశాబ్దాల పాటు ఆ ఖనిజం ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పొలాలకు ఎరువైపోయింది. 1968లో నౌరు స్వతంత్ర దేశమైంది, 1970లో గనులు తన చేతికి వచ్చాయి. 1970లలో దాని తలసరి ఆదాయం ప్రపంచంలోనే అతి ఎక్కువ ఉన్న దేశాల సరసన నిలిచింది. ఆ ఏళ్ల గణాంకాలు మాత్రమే చూసినవాళ్లెవరైనా, అభివృద్ధి అంటే ఇలా ఉండాలి అనుకుంటారు.

కూర్చుని తింటే కొండలైనా కరిగిపోతాయని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఇక్కడ అక్షరాలా కొండే కరిగింది. దీవిలో సుమారు 80 శాతం నేల తవ్వకాలకు పోయింది. మట్టి లేచిపోయి, మొనదేలిన సున్నపురాతి స్తంభాలు మిగిలాయి. వాటి మధ్య నడవడమే కష్టం, ఇక పంట సంగతి చెప్పనక్కర్లేదు. రేపటి కోసం దాచిన నిధులు చెడ్డ పెట్టుబడుల్లో హరించుకుపోయాయి. జనమంతా తీరం వెంబడి సన్నటి అంచు మీద బతుకుతున్నారు. ఇప్పుడు సముద్రమట్టం పెరుగుతుంటే ఆ అంచుకే ముప్పొచ్చింది. వాళ్లు ఎక్కడికి జరగాలి? తవ్వి పారేసిన ఆ మెట్ట మీదికే. ఆ తరలింపు ఖర్చుల కోసం 2025లో నౌరు తన పౌరసత్వాన్ని ఒక్కొక్కటి లక్షా 5 వేల డాలర్లకు అమ్మకానికి పెట్టింది. జీడీపీ లెక్కల ప్రకారం తవ్విన ప్రతి ఏడూ ఆ దేశం ధనవంతమవుతూ వచ్చింది. నిజానికి ప్రతి ఏడూ అది తన నేలను అమ్ముకుంటోంది. అమ్మకాన్ని ఆదాయంగా రాసుకోవడం ఒక్కటే తేడా. ఇంటి ఇటుకలు ఒక్కొక్కటే ఊడదీసి అమ్ముతూ, ఈ నెల నా రాబడి పెరిగింది అనుకోవడం లాంటిది.

మా లెక్కల్లో ఈ తరుగు అసలు కనపడదా అంటే, కనపడుతుంది. కానీ ఎవరూ చూడని చోట. "ఆస్తుల పరిమాణంలో ఇతర మార్పులు" అనే అర్థం వచ్చే ఒక ఖాతా ఉంది. భూకంప నష్టం, యుద్ధ నష్టం, గని అడుగంటడం, అన్నీ తీసుకెళ్లి అందులో వేస్తారు. చాలా దేశాలు ఆ ఖాతాను పూర్తిగా తయారు చేయనే చేయవు. యంత్రం అరిగితే తరుగుదల కింద తీసేసి నికర దేశీయోత్పత్తి చూపించే పద్ధతి మొదట్నుంచీ ఉంది. నేల అరిగితే మాత్రం తీసేయరు. 2025 మార్చిలో ఐరాస గణాంక సంఘం ఆమోదించిన కొత్త జాతీయ ఖాతాల పద్ధతిలో ఇది మారింది. ఖనిజాల్లాంటి ప్రకృతి వనరులు తరిగిపోవడాన్ని ఇకపై ఉత్పత్తి ఖర్చుగానే రాయాలి, నికర ఉత్పత్తికి ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వాలి. పత్రికల్లో దీని గురించి పెద్దగా రాలేదు. నా దృష్టిలో మాత్రం ఈ దశాబ్దంలో జీడీపీ గురించి జరిగిన సదస్సులన్నిటికంటే ఇదే పెద్ద వార్త.

ఇక ప్రత్యామ్నాయాల సంగతి. అన్నిటికంటే జనంలోకి వెళ్లింది మానవాభివృద్ధి సూచిక. పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబుల్ హక్ చొరవతో, అమర్త్య సేన్ సాయంతో 1990లో ఐరాస అభివృద్ధి కార్యక్రమం మొదలుపెట్టింది. ఆయుర్దాయం, చదువు, తలసరి ఆదాయం, ఈ మూడింటినీ కలిపి ఒక అంకె చేస్తారు. మనిషి బతుకును ఒక్క అంకెలో కుదించడం సేన్‌కు మొదట నచ్చలేదు. హక్ వాదన వేరు. జీడీపీని దించాలంటే దానంత మొరటుగా ఒకే ఒక్క అంకె కావాలి, కాకపోతే అది మనుషుల జీవితాల పట్ల అంత గుడ్డిగా ఉండకూడదు. సేనే తర్వాత ఈ సంగతి రాశారు. కుర్రతనంలో నేను సేన్ వైపు ఉండేవాణ్ణి. ఇప్పుడు హక్ వైపుకు వచ్చాను. ఎందుకంటే 2009లో స్టిగ్లిట్జ్, సేన్, ఫితూసీ అనే ముగ్గురు ఆర్థికవేత్తల కమిషన్ ఎంతో లోతుగా ఆలోచించి, ఒక్క అంకె బదులు కొన్ని సూచికలను పక్కపక్కనే పెట్టుకుని చూడమంది. మాట నూటికి నూరుపాళ్లు సరైనదే. కానీ ఇరవై గడియారాలు పెడితే ఎవరికి నచ్చిన గడియారం వాళ్లు చూపించుకుంటారు. రాత్రి వార్తల్లో మాత్రం మళ్లీ జీడీపీయే వస్తుంది.

మానవాభివృద్ధి సూచికకు ఉన్న పెద్ద లోపం, భూమి మీద పడే భారం అందులో లేకపోవడం. 2020లో దానికి ఒక సవరణ చేసి చూపించారు. తలసరి కర్బన ఉద్గారాలు, తలసరి వాడుతున్న ముడి పదార్థాల భారం, ఈ రెండింటినీ లెక్కలోకి తెచ్చారు. అంతవరకు మొదటి స్థానంలో ఉన్న నార్వే 15 స్థానాలు కిందికి దిగింది. సింగపూర్ 92 స్థానాలు, లక్సెంబర్గ్ 131 స్థానాలు పడిపోయాయి. కోస్టారికా 37 స్థానాలు పైకి వెళ్లింది. కోస్టారికాలో ఆదాయం ధనిక దేశాలతో పోలిస్తే చాలా తక్కువ, ఆయుర్దాయం మాత్రం అమెరికా కంటే ఎక్కువ. ఆ దేశం 1948లోనే సైన్యాన్ని రద్దు చేసుకుంది. 1990ల నుంచి అడవిని నిలబెట్టుకున్న భూ యజమానులకు ప్రభుత్వమే డబ్బిస్తోంది. ఇక్కడ నన్ను ఎప్పుడూ ఆపేసే సంగతి ఒకటుంది. ఈ సవరించిన పట్టికలో మంచి మార్కులు వచ్చిన ఏ దేశానికీ ఎక్కడా ఒక్క ఓటు కూడా పెరగలేదు.

బోల్టుల గురించి అన్నాను కదా, ఇప్పుడు వాటి దగ్గరికొద్దాం.

అంతర్జాతీయ ద్రవ్య నిధిలో, అంటే ఐఎంఎఫ్‌లో, ప్రతి దేశానికీ ఒక కోటా ఉంటుంది. ఓట్లు దాన్ని బట్టే. ఆ కోటాకు మార్గదర్శకంగా వాడే సూత్రంలో సగం బరువు జీడీపీదే. అమెరికాకు 16 శాతం పైచిలుకు ఓట్లున్నాయి, ముఖ్యమైన నిర్ణయాలకు 85 శాతం మెజారిటీ కావాలి. అంటే ఒక్క దేశం వద్దంటే ఆగిపోతుంది. 2021లో కోవిడ్ దెబ్బ నుంచి కోలుకోవడానికని ఐఎంఎఫ్ 65,000 కోట్ల డాలర్ల విలువైన నిధులు సభ్య దేశాలకు పంచింది. పంపకం కోటాల ప్రకారమే. అందులో ఆఫ్రికా ఖండం మొత్తానికి వచ్చింది సుమారు 3,300 కోట్లు, అంటే 5 శాతం. ప్రపంచ జనాభాలో ఆ ఖండం వాటా ఆరో వంతు కంటే ఎక్కువ. ఎవరి అవసరం ఎంత అని ఎవరూ అడగలేదు. ఎవరి ఉత్పత్తి ఎంత అనేదే చూశారు. ఉన్నవాడికే వడ్డించే విస్తరి.

రెండో బోల్టు, సహాయానికి అర్హత. ఒక దేశం తలసరి ఆదాయం గీత దాటి కొన్నేళ్లు అక్కడే ఉంటే, అభివృద్ధి సహాయం పొందే దేశాల జాబితా నుంచి దాని పేరు తీసేస్తారు. కరీబియన్‌లోని ఆంటిగ్వా-బార్బుడా అనే దీవుల దేశం సంగతి చూడండి. 2017 సెప్టెంబరులో ఇర్మా హరికేన్ బార్బుడా దీవిని తుడిచిపెట్టింది. దీవిలో ఉన్న జనం మొత్తాన్ని ఖాళీ చేయించి పక్క దీవికి తరలించాల్సి వచ్చింది. అలాంటి దేశాన్ని, ఆదాయం పెరిగిందన్న కారణంతో, 2022లో ఆ జాబితా నుంచి తీసేశారు. 2017 సెప్టెంబరులోనే, దగ్గర్లో ఉన్న డొమినికా అనే మరో దీవి దేశాన్ని మరియా హరికేన్ కొట్టింది. ఒక్క రాత్రిలో జరిగిన నష్టం ఆ దేశ ఏడాది జీడీపీకి 226 శాతం. రెండేళ్ల ముందు, 2015లో, ఎరికా తుపాను వల్ల 90 శాతం నష్టపోయి ఇంకా పూర్తిగా తేరుకోని దేశమది. సగటు ఆదాయం చూస్తే మధ్య తరగతి దేశమే. ఒక్క గాలివానకు రెండేళ్ల పైచిలుకు సంపాదన కొట్టుకుపోయే ఇంటిని ఆదాయం చూసి ధీమాగా ఉందనుకోగలమా?

ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికే చిన్న దీవుల దేశాలు ముప్ఫై ఏళ్లుగా పోరాడి బహుముఖ దుర్బలత్వ సూచిక అనేదాన్ని సాధించుకున్నాయి. 2024 ఆగస్టులో ఐరాస సర్వసభ్య సమావేశం దాన్ని ఆమోదించింది. ఒక దేశం బయటి దెబ్బలకు ఎంతగా గురవుతుంది, తట్టుకునే శక్తి ఎంత అనే రెండూ అది చూస్తుంది. కానీ వాడాలా వద్దా అన్నది రుణదాతల ఇష్టానికే వదిలేశారు. జీడీపీకి మించిన కొలతల మీద ఎవరైనా మంచి వార్త చెబితే నేను మొదట అడిగే ప్రశ్న ఇదే. దీన్ని బట్టి ఒక్క రూపాయి అయినా, ఒక్క ఓటు అయినా కదులుతుందా?

మూడో బోల్టు వాతావరణ లక్ష్యాల్లోనే ఉంది, దీన్ని చాలామంది గమనించరు. ఇండియా, చైనా పారిస్ ఒప్పందం కింద ఇచ్చిన 2030 హామీల్లో ముఖ్యమైనది, జీడీపీలో ఒక్కో యూనిట్‌కు వెలువడే ఉద్గారాలు తగ్గిస్తామని. 2005తో పోలిస్తే ఇండియా 45 శాతం, చైనా 65 శాతానికి పైగా. ఉద్గారాల కంటే జీడీపీ బాగా వేగంగా పెరిగితే లక్ష్యం నెరవేరుతుంది, మొత్తం పొగ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. దీనికి ఆ దేశాలను మాత్రమే తప్పుపట్టడం సరికాదు. ప్రపంచంలో పైన ఉన్న 10 శాతం మంది మొత్తం ఉద్గారాల్లో దాదాపు సగానికి కారణమైతే, కింది సగం జనాభా వాటా సుమారు 12 శాతం. ఇప్పటికీ 65 కోట్లకు పైగా మందికి ఇంట్లో కరెంటు లేదు. వాళ్లకు వెళ్లి ఎదుగుదల ఆపుకోండి అని చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఆదాయం బాగా తక్కువ ఉన్న చోట జీడీపీ పెరిగితే పిల్లల చావులు తగ్గుతాయి, బడికి వెళ్లేవాళ్లు పెరుగుతారు. ఎదుగుదల అక్కర్లేదనే వాదన కడుపు నిండినవాళ్ల దేశాల వరకు వినడానికి బాగుంటుంది. దాన్ని అందరికీ రుద్దితే ఒప్పుకోను.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. కొలత మారితే భూతాపం తగ్గుతుందా? కొంతవరకే. గని తరిగితే ఆ దేశం ఖాతాలో రాయొచ్చు, అడవి పోతే రాయొచ్చు. గాలిలోకి వదిలిన పొగను ఎవరి ఖాతాలో తరుగుగా రాయాలి? వాతావరణం ఏ దేశం ఆస్తీ కాదు. అందుకే ఏ దేశ సంపద లెక్కలోనూ ఆ నష్టం సరిగ్గా కూర్చోదు. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు అందరూ పంచుకున్న తప్పుకు బాధ్యుడు దొరకడు.

శాస్త్రవేత్తలు మాత్రం ఆ ఉమ్మడి ఖాతాను లెక్కగట్టారు. భూతాపాన్ని 1.5 డిగ్రీల దగ్గర ఆపడానికి కనీసం సగం అవకాశమైనా ఉండాలంటే, 2020 మొదటి నుంచి ఇంకా 50,000 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ మాత్రమే వదలగలమని ఐరాస వాతావరణ శాస్త్రవేత్తల సంఘమైన ఐపీసీసీ 2021లో చెప్పింది. ఏటా సుమారు 4,000 కోట్ల టన్నులు వదులుతున్నాం. ఆ తర్వాతి లెక్కల్లో మిగిలింది ఇంకా తక్కువని తేలింది. 2024 ఏడాది సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందుకంటే సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువగా నమోదైంది. ఖాతా ఒక్కటే, చెక్కు బుక్కు మాత్రం అందరి చేతిలోనూ ఉంది. పాత ఖర్చంతా ఎవరు చేశారో అందరికీ తెలుసు. మిగిలినది ఎలా పంచుకోవాలో ఏ ఒప్పందంలోనూ రాసుకోలేదు. 1992లో రియోలో మొదలైన చర్చ ఈ పంపకం దగ్గరకొచ్చేసరికి ప్రతిసారీ ఆగిపోయింది.

ఎవరు అమలు చేయిస్తారన్న మూడో ప్రశ్నకు రెండు ఒప్పందాలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. ఓజోన్ పొరను కాపాడటానికి 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందంలో ఇప్పుడు 198 పక్షాలున్నాయి, అంటే దాదాపు ప్రపంచమంతా. నిషేధించిన రసాయనాల్లో 99 శాతం వాడకం ఆగిపోయింది. ప్రపంచంలో ఎక్కువ భాగం మీద ఓజోన్ పొర 2040 నాటికి, అంటార్కిటికా మీద 2066 ప్రాంతానికి 1980 నాటి స్థితికి వస్తుందని అంచనా. అప్పుడూ ప్రపంచ ప్రభుత్వమేమీ లేదు. చేరని దేశాలతో ఆ సరుకుల వ్యాపారం చేయకూడదని నిబంధన పెట్టారు, దాంతో బయట ఉండటం కంటే లోపల ఉండటమే లాభమైంది. పేద దేశాలకు పదేళ్లు అదనపు గడువిచ్చారు. మారడానికయ్యే ఖర్చు భరించడానికి వేరే నిధి పెట్టారు. ఏ రసాయనం మొత్తం వాడకాన్ని ఎంత తగ్గించాలో రాసుకున్నారు, జీడీపీ యూనిట్‌కు ఇంత అని కాదు.

పారిస్ ఒప్పందంలో ఎవరి లక్ష్యం వాళ్లే రాసుకుంటారు. తప్పితే శిక్ష లేదు. అమెరికా రెండుసార్లు బయటికి వెళ్లింది. పేద దేశాలకు 2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని ధనిక దేశాలు 2009లో ఇచ్చిన మాట రెండేళ్లు ఆలస్యంగా 2022లో నెరవేరింది, అందులోనూ ఎక్కువ భాగం అప్పులే. 2024లో బాకులో జరిగిన వాతావరణ సదస్సులో 2035 నాటికి ఏటా 30,000 కోట్లు అన్నారు. అయినా పారిస్‌ను దండగ అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఆ ఒప్పందానికి ముందు ఈ శతాబ్దం చివరికి నాలుగు డిగ్రీల దరిదాపుకు వెళ్తామని భయపడ్డాం. ఇప్పుడు అమల్లో ఉన్న విధానాలతో 2.8 డిగ్రీలని ఐరాస పర్యావరణ కార్యక్రమం 2025 అంచనా. 2.8 కూడా భయంకరమైన అంకే, అయితే ఆ తేడాలో కోట్ల ప్రాణాలున్నాయి. ఓజోన్‌తో పోలిక అతిగా లాగకూడదు కూడా. ఆ రసాయనాలు తయారు చేసేవి కొన్ని కంపెనీలే, వాటికి బదులు వేరేవి దొరికాయి. బొగ్గు, చమురు అలా కాదు, మన బతుకంతా వాటితో అల్లుకుపోయింది.

నాకు కొత్త ఆశ కలిగించింది ఒక న్యాయస్థానం. 2019లో పసిఫిక్ దీవుల్లోని కొందరు న్యాయ విద్యార్థులు, వాతావరణ మార్పు విషయంలో దేశాల బాధ్యత ఏమిటో అంతర్జాతీయ న్యాయస్థానాన్ని అడగాలని ప్రచారం మొదలుపెట్టారు. వనువాటు అనే చిన్న దేశం దాన్ని నెత్తికెత్తుకుంది. 2023 మార్చిలో ఐరాస సర్వసభ్య సమావేశం ఏకాభిప్రాయంతో ఆ ప్రశ్నను పంపింది. 2025 జూలై 23న హేగ్‌లో జవాబొచ్చింది. వాతావరణాన్ని హాని నుంచి కాపాడటం దేశాల చట్టపరమైన బాధ్యత, తప్పితే నష్టపోయినవాళ్లకు పరిహారం చెల్లించాల్సి రావచ్చు అని. ఇది సలహా అభిప్రాయమే, తీర్పులా కట్టిపడేయదు. కానీ ఇదే న్యాయస్థానంలో 1989లో నౌరు ఆస్ట్రేలియా మీద కేసు వేసింది, స్వాతంత్ర్యానికి ముందు తవ్విన నేలను బాగుచేయాల్సింది మీరేనని. కేసు నడుస్తుండగానే 1993లో రాజీ కుదిరి, 10.7 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు ఇవ్వడానికి ఆ దేశం ఒప్పుకుంది. మా లెక్కల్లో ఏ కాలమ్‌లోనూ కూర్చోని నష్టానికి ఒక అంకె వచ్చింది న్యాయస్థానం గుమ్మం ఎక్కాకనే.

చివరగా, ఏం కొలవాలి అన్నదానికి నా సొంత అభిప్రాయం. రెండు అంకెలు చాలు. ఒకటి ఇప్పటి బతుకుది, అసమానతను లెక్కలోకి తీసుకున్న మానవాభివృద్ధి సూచిక. 2010 నుంచే ఉంది, సగటు చాటున పేదరికం దాక్కోకుండా చూస్తుంది. రెండోది మన తర్వాతివాళ్లకు ఏం మిగులుస్తున్నామో చెప్పే తలసరి సంపద. అందులో కట్టడాలు, యంత్రాలు, మనుషుల చదువు, ఆరోగ్యం, ప్రకృతి అన్నీ ఉండాలి. ఆర్థికవేత్త పార్థా దాస్‌గుప్తా బ్రిటన్ ప్రభుత్వానికి 2021లో ఇచ్చిన నివేదికలో ఒక లెక్క ఉంది. 1992 నుంచి 2014 మధ్య ప్రపంచంలో తలసరి కట్టడాలు, యంత్రాల సంపద రెట్టింపైంది, మానవ సంపద 13 శాతం పెరిగింది, ప్రకృతి సంపద మాత్రం దాదాపు 40 శాతం తగ్గిపోయింది. ఆ ఇరవై రెండేళ్లూ నేను ఉద్యోగంలోనే ఉన్నాను. ప్రతి ఏడూ వృద్ధి రేటు ప్రకటించాం, ఒక్క ఏడాది కూడా దాని పక్కన ఈ మూడో అంకెను చూపించలేదు.

అడుగులు పడుతున్నాయి, నెమ్మదిగానే. 2024 సెప్టెంబరులో ఐరాసలో ఆమోదించిన భవిష్యత్ ఒడంబడికలో జీడీపీకి మించిన కొలతలు తయారు చేయాలని ఉంది. అందుకోసం 2025లో నిపుణుల బృందాన్ని వేశారు, కౌశిక్ బసు, నోరా లస్టిగ్ దానికి సహాధ్యక్షులు. వాళ్లు ఏ సూచికలు సిఫార్సు చేస్తారన్నదానికంటే, ఐఎంఎఫ్ కోటా సూత్రంలో, రుణ అర్హత నిబంధనల్లో అవి ఎక్కుతాయా అన్నదే నేను చూస్తాను. కొత్త జాతీయ ఖాతాల పద్ధతికి దేశాలు మారడానికి 2030 ప్రాంతం దాకా పడుతుంది. ఆ రోజున తరుగు రాసే కాలమ్‌లో ఖనిజాలు ఉంటాయి. మడ అడవి తుపానును ఆపిన సేవ మాత్రం అప్పటికీ ప్రధాన ఖాతాలో ఉండదు. 2021లో ఆమోదించిన ప్రత్యేక పర్యావరణ ఖాతాల్లో దానికి చోటుంది, అయితే వాటిని నింపుతున్న దేశాలు ఇంకా తక్కువే. ఆ రోజు చెయ్యెత్తిన అమ్మాయి ఇప్పుడు ఆ ఖాతాల విభాగంలోనే పనిచేస్తోంది.